దిక్సూచికి కట్టిన గుర్రపు నాడా

డ్రోనుకు గుర్రపు నాడా కట్టిన మనిషిని తలచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది. ఆ మనిషి మా మరిది కొడుకే. నంద్యాలలో పురుగుమందు కొట్టే డ్రోను కొని, మొదట ఆళ్లగడ్డ దగ్గర మా వరి మడిలోనే ఎగరేస్తానని వచ్చాడు.

మా గట్టుకు అవతల ఒకామెకు మల్బరీ తోట ఉంది. ఆ ఆకుతోనే పట్టుపురుగులు పెంచుతుంది. మందు తుంపర పడిన ఆకు తింటే అవి బతకవు. అందుకే మందు కొట్టే తేదీ, వేళ ముందుగా ఆమెకు చెప్పడం నా అలవాటు. ఈసారి చెప్పేసరికి ఆమె ముఖం చిన్నబోయింది.

“పురుగులు ఆఖరి దశలో ఉండాయక్కా. ఇప్పుడే అవి ఎక్కువ మేసేది. ఒక్క చుక్క ఇట్ల పడినా నా పంట పాయె.”

“గాలి మా పక్కకు తిరిగినాకనే కొట్టిస్తా. పూచీ నాది,” అన్నాను.

డ్రోను దిక్సూచిని ఎప్పుడు సరిచేయాలో నాకు తెలుసు. మావాడి డ్రోను శిక్షణకు నేనూ పోయి కూర్చున్నాను. కొత్త ఊరికి తెచ్చినప్పుడు, కింద పడినప్పుడు, రిమోటు తెర మీద అదే అడిగినప్పుడు సరిచేయాలి. బాగా పనిచేస్తుంటే ఊరికే కెలకకూడదు. చేసేటప్పుడు చుట్టూ ఇనుము ఉండరాదు. బండి, బోరు మోటారు, కరెంటు తీగలు దూరంగా ఉండాలి. జేబులో ఫోను, తాళాలు తీసేయాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

వాడు వస్తూనే, డ్రోను తెచ్చిన ట్రాక్టరు ముందున్న తుప్పు నాడాను విప్పి, దిష్టి తగలకుండా డ్రోను నెత్తిన నిలిచిన కడ్డీకి నల్లదారంతో కట్టాడు. దిక్సూచి ఉండేది సరిగ్గా ఆ కడ్డీ కొననే. తర్వాత టెంకాయ కొట్టి, గుట్కా నములుతూనే దండం పెట్టాడు.

“ఆ నాడా తీయి రా. ఇనుము దిక్సూచిని చెడగొడ్తాది.”

“దిష్టి కొడితే కిందికొస్తాది పెద్దమ్మా. విమానాలకు గూడ పూజ చేస్తారు.”

“విమానానికి నాడా కడ్తారా?”

ట్రాక్టరు డ్రైవరు కిసుక్కున నవ్వాడు. మావాడికి కోపమొచ్చింది. “నువ్వు పోయి ఆ నీడలో కూసో పెద్దమ్మా. ఎగరేసేది నేను.”

స్విచ్చి వేయగానే తెర మీద దిక్సూచి సరిగా లేదని ఎర్రగా వచ్చింది. నాడా విప్పలేదు. ఇనుప ట్రాలీ పక్కనే, జేబుల్లో ఫోన్లతోనే, వాడూ డ్రైవరూ కలిసి డ్రోనును ఎత్తి గుండ్రంగా తిప్పారు. పచ్చదీపం వెలిగింది.

“సూసినావా? సరిపాయె.”

సరిపోలేదు. ఆ ఇనుము చూపిన దిక్కే ఉత్తరమని దానికి నేర్పారు. ఆ మాట నేను అనేలోగా అది లేచింది.

మడి మీదికి పోయి ఒకచోట నిలవలేక చుట్లు తిరగసాగింది. ప్రతి చుట్టూ ముందటిదానికన్నా పెద్దది. “మందు ఆపు!” అని అరిచాను. వాడు చేతిలోని రిమోటు పుల్లలను అటూ ఇటూ లాగుతున్నాడే గాని మందు ఆపలేదు. అది గట్టు దాటి, చిమ్ముతూ చిమ్ముతూ మల్బరీ తోటలో కూలింది.

ఆమె పరుగున వచ్చింది. “యాన్నుంచి యాడిదాకా పడిందో చెప్పక్కా. మిగతా సాళ్ల ఆకు కోసుకుంటా.”

తుంపర ఎంతదూరం పోయిందో కంటికి కనపడదు. “ఏదీ కోయొద్దమ్మా,” అన్నాను.

“శాటిలైట్ సిగ్నల్ సరిగా ల్యాక అట్లయింది. మాదేం తప్పులేదు,” అన్నాడు వాడు, గట్టు మీద ఎర్రగా ఉమ్మి.

ఆమె వాడి వైపు చూడనైనా చూడలేదు. ఆటో పిలిపించుకొని, ఆకు కోసం చాగలమర్రిలో తోట ఉన్న బంధువుల దగ్గరికి పోయింది. ఆమె వచ్చేదాకా పురుగుల షెడ్డులో నేను కూర్చున్నాను. పురుగులు తలలెత్తి ఊపుతూ, తినేసిన కాడల మీద ఆకు కోసం వెతుకుతున్నాయి. ఆమె తెచ్చిన ఆకు దారిలోనే సగం వాడిపోయింది. అయినా మేశాయి. ఆ పంట పట్టుగూళ్లు మాత్రం పలచగా వచ్చాయి.

ఇప్పుడూ తేదీ చెప్పి పంపుతాను. సరేనంటుంది. గాలి ఎటు ఉందని మాత్రం నన్ను అడగదు. మా పొలంలో మందు కొట్టినంతసేపూ, చేతిలో గుడ్డపీలిక ఎత్తి పట్టుకొని గట్టు మీద తనే నిలబడుతుంది.