ఖాళీ లేని సౌండ్ కార్డు

మా ఊరి చర్చిలో పాట ఎత్తేది మా నాన్న, ఊరందరికీ మాస్టారు. ఎత్తడమంటే మొదటి లైను ఒక్కరే పాడటం. ఆ తరవాతే మిగతావాళ్ళు గొంతు కలపాలి. ఆయన ఎత్తేదాకా అందరూ పుస్తకాలు తెరుచుకుని కూర్చునేవాళ్ళే తప్ప ఎవరూ నోరు విప్పేవాళ్ళు కాదు. ఆయనకి దగ్గొస్తే, ఆ దగ్గు తగ్గేదాకా చర్చి మొత్తం ఆగేది. ఎవరింట్లో ఎవరు పోయినా, ఆదరణ కూడికలో ఫొటో పక్కన నిలబడి పాట అందుకునేది కూడా ఆయనే. అలాంటి మనిషి పోయాక, ఆయన కూడికలో పాట ఎవరెత్తుతారన్నది కూడిక ముందురోజు దాకా ఎవరికీ తట్టలేదు.

అక్కకే తట్టింది. "నీ కంప్యూటర్లో ఉంది కదరా నాన్న పాట. అది పెట్టెయ్," అంది.

ఉన్నమాటే. ఎప్పుడో టేప్ రికార్డర్లో పట్టిన పాటని నేను కంప్యూటర్లోకి ఎక్కించాను. మా మొగల్తూరు వైపు ఉప్పుగాలికి ఇనుమే ఆగదు, క్యాసెట్ ఎక్కడ ఆగుతుంది? బూజు పట్టి పోయింది. సీడీ చేద్దామంటే నా కంప్యూటర్‌కి ఉన్నది సీడీలు చదివే డ్రైవే, రాసేది కాదు. నాన్న గొంతు ఈ భూమ్మీద మిగిలింది ఆ ఒక్క ఫైల్లోనే.

నా ఆశ మాత్రం కూడిక గురించి కాదు, అమ్మ గురించి. అమ్మకి చెవులు పోయి కొన్నేళ్ళయింది. చెవి మిషను కొంటే కీచుమంటోందని డబ్బాలో పెట్టి మూతేసింది. కంప్యూటర్‌కున్న బుల్లి స్పీకర్ల ముందు చెవి ఆనించినా ఆమెకేం వినపడేది కాదు. చర్చిలో మైక్‌సెట్ బాక్సు పక్కన కూర్చుంటే మాత్రం పాట తెలుస్తుందనేది. ఆ మైక్‌సెట్ మా ఇంటికి వచ్చేది ఒక్క కూడిక రోజే. అమ్మకి నాన్న గొంతు ఇంకొక్కసారి వినపడాలంటే ఆ పూటే వినపడాలి.

పొద్దున మైక్‌సెట్ ఆయన పందిట్లో బాక్సులు పెట్టి, కంప్యూటర్‌కి వైరు తగిలించి కిటికీలోంచి బయటికి లాగాడు. ఒక ముక్క వేసి చూశాం. నాన్న గొంతు ఖంగుమంది. అమ్మ అప్పుడు స్నానానికి వెళ్ళింది. ఎలాగూ కాసేపట్లో వింటుంది కదా అని ప్లేయర్ మూసేసి బల్లలు వెయ్యడానికి వెళ్ళాను.

కూడిక మొదలైంది. అమ్మని కిటికీ పక్కనే, బాక్సు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాం. మేం అయ్యగారు అని పిలిచే మా పాస్టరుగారు వాక్యం చెప్పడం ముగించి, "ఇప్పుడు మన మాస్టారే పాట ఎత్తుతారు," అన్నారు. పందిరంతా పుస్తకాలు తెరిచిన చప్పుడు. నేను గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఫైలు మీద నొక్కాను. పాట రాలేదు. ఒక చిన్న పెట్టె తెర మీదికొచ్చింది. డివైస్ బిజీ అని, అంటే సౌండ్ కార్డు ఖాళీ లేదని.

నాది అందరూ వాడే సిస్టమ్ కాదు, లినక్స్. పత్రికతో పాటు సీడీ ఉచితంగా వస్తే ఎగబడి ఎక్కించుకున్నాను. అప్పట్లో అందులో సౌండ్ కార్డు ఒకసారికి ఒక్క ప్రోగ్రామ్‌కే దక్కేది. ఒకటి పట్టుకుంటే, అది వదిలేదాకా ఇంకోదానికి ప్రవేశం లేదు. ఇది నాకు బాగా తెలుసు. తెలిసి చేసేదేముంది? పట్టుకున్నదెవరో తెలియాలిగా. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అదే పెట్టె.

మైక్‌సెట్ ఆయన కిటికీ చువ్వలకి మొహం ఆనించాడు. "లైను బాగానే ఉందండి. సౌండు మీ దగ్గర్నుంచే రావట్లేదండి."

"తెలుసండి."

"ఓసారి ఆపేసి మళ్ళీ పెట్టండి పోనీ."

ఆ మాట ఎవరైనా చెప్తారు. నా డిస్కు సంగతి ఎవరికి తెలుసు? అది అప్పటికే గరగరమంటోంది. ఒకసారి ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం నాకు లేదు. లేవకపోతే పాట కూడా దాంతోనే పోతుంది. ఆపనని చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూసి తల వెనక్కి తీసుకున్నాడు.

అయ్యగారికి పరిస్థితి అర్థమైంది. ప్రార్థన చేద్దాం అన్నారు. కుటుంబం కోసం చేశారు, విధవరాండ్ర కోసం చేశారు, జబ్బుగా ఉన్నవాళ్ళ కోసం చేశారు. నేను కీబోర్డు మీద కొట్టుకుంటూనే ఉన్నాను. ప్రార్థన పరీక్షలు రాసే పిల్లల మీదికి, అక్కణ్ణుంచి రొయ్యల చెరువుల మీదికి వెళ్ళింది. అయ్యగారు ఒక కన్ను తెరిచి కిటికీ వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన కన్ను మూసుకుని ప్రభుత్వాధికారుల కోసం మొదలుపెట్టారు.

"ఎవరు ముట్టుకున్నారు కంప్యూటర్ని?" అని గది గుమ్మంలో ఉన్న చుట్టాలందరినీ గదమాయించాను. ఎవరూ ముట్టుకోలేదన్నారు. అక్క దొడ్లో వంటవాళ్ళ దగ్గరుంది. అమ్మని ఎవరూ అడగలేదు, అడిగినా వినపడదు కదా. ఏడుపొచ్చేసింది నాకు. లోకంలో ఇన్ని సిస్టమ్‌లుండగా ఇదెందుకు నెత్తికెత్తుకున్నాన్రా దేవుడా అనుకున్నాను.

చివరికి, సౌండ్ కార్డుని ఎవరు పట్టుకున్నారో చెప్పే కమాండ్ గుర్తొచ్చింది. కొడితే ఒక నంబరు వచ్చింది. ఆ నంబరు ఎవరిదా అని చూస్తే, పాటలు పాడే ప్లేయరే. పొద్దున నేను మూసేసిన ప్లేయర్. ఇంకో కమాండ్ కొడితే అది చచ్చి ఊరుకుంటుంది. సగం టైపు చేశాను కూడా. కానీ నా తెర మీద ప్లేయర్ ఎక్కడా లేదు. లేనిది ఎక్కడ నడుస్తోందో చూద్దామనిపించింది. ఆ సిస్టమ్‌లో ఒకే తెరకి నాలుగు డెస్క్‌టాప్‌లుంటాయి, నేనెప్పుడూ మొదటిదే వాడతాను. రెండోదానికి వెళ్ళాను.

నాన్న పాడుతున్నారు. సౌండు పూర్తిగా తగ్గించేసి ఉంది. పాట పేరు పక్కన ఆకుపచ్చ గీతలు లేస్తూ పడుతూ ఉన్నాయి.

అప్పుడే లోపలికొచ్చిన అక్క నా వెనకే ఆగిపోయింది. "అమ్మ పెట్టుకుని ఉంటుందిరా," అంది నెమ్మదిగా. "నాన్న పోయిన దగ్గర్నుంచీ రోజూ ఇంతే. నీకు అడ్డం రాకుండా అక్కడ, తిరిగి తిరిగి పాడేలా పెట్టి, నొక్కడం నేనే నేర్పాను. గీతలు చూస్తూ కూర్చుంటుంది. ఎక్కడ ఆయన ఊపిరి తీసుకుంటారో కూడా తెలుసు అమ్మకి. సౌండు తీసేసింది నేనే. వినలేకపోయాన్రా."

చంపడానికి టైపు చేసిన కమాండ్‌ని చెరిపేశాను. చెయ్యాల్సింది ఇంకేమీ లేదు. సౌండు పెంచాను.

పాట ఎక్కడో రెండో చరణం మధ్యలోంచి పందిట్లో పడింది. అయ్యగారి ప్రార్థనకి ఆమెన్ చెప్పినవాళ్ళు లేరు. ఒక్క క్షణం తడబడి, పేజీలో వేలితో వెతుక్కుని, జనం ఆయన గొంతు వెంట పడ్డారు. నేను కిటికీలోంచి అమ్మనే చూస్తున్నాను. ఆమె బాక్సు వైపు తిరగలేదు. అరచెయ్యి మాత్రం బాక్సు చెక్క మీద పెట్టుకుని, కిటికీలోంచి నా వెనకున్న తెరని చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి.

"వినపడుతోందామ్మా?" అని అరిచాను. నా వైపు చూడను కూడా లేదు.

పాట అయిపోయింది. అయ్యగారు ఆశీర్వాదం ఇవ్వడానికి చేతులెత్తారు. అక్క దాన్ని తిరిగి తిరిగి పాడేలా పెట్టిందని అప్పుడు గుర్తొచ్చి, ఆపుదామని మౌసు మీద చెయ్యి వేశాను. అమ్మ కిటికీ చువ్వల్లోంచి చెయ్యి పెట్టి నా చొక్కా పట్టుకుంది.

"ఉండనీరా," అంది, తనకి వినపడని గొంతుతో పందిరంతా వినపడేలా. "సగంలో వచ్చారు మీరంతా. ఇప్పుడు ఎత్తుతారు మీ నాన్న."

అయ్యగారు చేతులు దించుకుని కూర్చున్నారు. అందరూ మళ్ళీ మొదటి లైను మీద వేలు పెట్టుకుని ఆగారు.