మనోడు ఎగిరితే గడ్డం ఫ్రీ

శంషాబాద్ బస్టాండు పక్క సందులో గఫార్‌కు ఇరుకైన సెలూన్ ఉంది. రెండు కుర్చీలు, గోడకో టీవీ. నెత్తిమీదుగా రోజంతా విమానాలు దిగుతూనే ఉన్నా అతను ఒక్కసారీ ఎక్కలేదు. అయినా మన దేశపు మనిషి ఒకడు మరో ముగ్గురితో కలిసి అంతరిక్ష కేంద్రానికి పోతున్నాడని టీవీలో విన్నరోజు, సొంత బావమరిదే పోతున్నట్టు పొంగిపోయాడు. “మనోడు ఎగిరిన రోజు అందరికీ గడ్డం ఫ్రీ” అని దుకాణం నిండా ఉన్న జనం ముందు నోరు జారాడు.

ప్రయాణం వాయిదా పడింది. వాతావరణం బాగాలేదన్నారు. మళ్లీ పడింది, రాకెట్లో ఏదో లీకన్నారు. అక్కడ వాయిదా పడ్డప్పుడల్లా ఇక్కడ గడ్డాలు పెరిగాయి. పాల్మాకుల నుంచి కూరగాయలు తెచ్చే కుర్మయ్య రోజూ గుమ్మంలోంచి తల లోపలికి పెట్టేవాడు.

“ఎగిరిందా అన్నా?”

“ఇంక లేదు. పైసలిచ్చి గీకిచ్చుకోరాదూ.”

“నాకేం తొందర లేదు. వాళ్లను మంచిగ చూసుకొనే పోనీ.”

ఖాళీ జేబుతో ఇంటికొస్తున్న మొగుడిని చూసి ఫహ్మీదా ఊరుకోలేదు. “రాకెట్‌కు లీకైతే ఆపిండ్రు. నీ నోటికి లీకైతే ఎవరాపాలె?”

చివరికి ఒక మధ్యాహ్నం ముహూర్తం కుదిరింది. పొద్దున్నుంచే సందు చివరిదాకా గడ్డాలు బారులు తీరాయి. కుర్చీలో కుర్మయ్య, గొంతుమీద గఫార్ కత్తి. టీవీలో అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నారు. గఫార్ కళ్లు తెరకు అతుక్కుపోయాయి, చెయ్యి మాత్రం ఆగలేదు.

కుర్మయ్య మెల్లగా ఆ మణికట్టు పట్టుకున్నాడు. “అన్నా, కత్తి జర పక్కకు వెట్టు. వాళ్లెంబడి నన్ను గూడ పంపకు.”

నిప్పులు కక్కుతూ రాకెట్ లేచింది. మొహాలమీద నురుగు ఎండిపోతున్నా ఎవరూ కదల్లేదు. గఫార్ భుజమ్మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అది సంతోషమో, బయటి వరుసను చూసిన దిగులో అతనికే తెలియలేదు. చీకటిపడేదాకా గీస్తూనే ఉన్నాడు.

మర్నాడు వాళ్లు అంతరిక్ష కేంద్రం చేరారు. ఊరంతా నున్నగా ఉంది, దుకాణంలో ఈగ కూడా లేదు. కుర్మయ్యే వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

“అన్నా, ఆడ గడ్డాలు ఎవరు గీస్తరు?”

“ఎవరిది వాళ్లే గీసుకుంటరంట.”

“అయితే నువ్వు పోయినా లాభం లేదు” అని కుర్మయ్య ఇద్దరికీ చాయ్ చెప్పాడు.