వడియాలు ఎండని డాబా

ఎండను ఓడించబోయి నా కొంప నేనే ముంచుకున్న వైనం చెబుతాను. మీరు నవ్వినా ఏమీ అనుకోను. అప్పుడైతే నన్ను చూసి నవ్వడానికి కూడా మనిషి లేడు.

ఫోన్లలో వీడియోలు చూడడం అప్పుడప్పుడే అలవాటవుతున్న రోజులు. శ్రీకాకుళంలో కొత్త ఉద్యోగం, డాబా మీద ఒంటి గది. ఎండలు ముదిరేసరికి అది గది కాదు, పెనం. అటు తిరిగి కాసేపు, ఇటు తిరిగి కాసేపు వేగేవాణ్ణి. ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. ఆఫీసులో ఫైలు కావాలంటేనే నాతో మాట్లాడేవారు. ఆదివారం మాత్రం ఇంటాయన తల్లి, మామ్మ, డాబా మీద వడియాలు పెట్టి, కాకుల్ని తోలడానికి నా గుమ్మం నీడలో కాసేపు కూర్చునేది.

"తిన్నావేటి గుంటడా?"

"తిన్నాను మామ్మా."

"మొకం సూస్తే తిన్నట్టు నేదు."

వారం మొత్తానికి నాకు దక్కే కబుర్లు అవే.

డాబాకు తెల్లసున్నం పూస్తే ఇల్లు చల్లబడుతుందని ఓ వీడియోలో చూశాను. చల్లగా ఉంటే మామ్మ ఇంకాసేపు కూర్చుంటుంది కదా అని నా ఆశ. ఇంటాయన్ని అడిగి, సున్నంలో జిగురు కలిపి గది కప్పుకీ, డాబా నేలకీ నేనే పూశాను. గది నిజంగానే చల్లబడింది. పొంగిపోయాను.

ఆదివారం మామ్మ ఆ తెలుపుకి కళ్లు చికిలించుకుంటూనే వడియాలు పెట్టింది. సాయంత్రం ఒకటి నొక్కి చూసింది.

"ఏటి సేసావురా? కింద సెగ నేదు. మెత్తగా ఉండిపోనాది."

"రేపటికి ఎండుతాయి మామ్మా."

"రేపటికి బూజు పడతాది."

మరుసటి ఆదివారం మామ్మ వడియాలతో ఎదురింటి డాబా మీద తేలింది. అక్కడ అద్దెకున్న కుర్రాణ్ణి, "తిన్నావేటి గుంటడా?" అని అడుగుతోంది. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది.

ఊరుకున్నానా? వాణ్ణి పట్టుకుని సున్నం మహిమ మీద ఉపన్యాసం దంచాను. నా బ్రష్షు కూడా ఇచ్చాను. రెండు డాబాలూ తెల్లబడితే ఎవరికైనా సొంత డాబాయే నయం కదా, మామ్మ తిరిగొచ్చేస్తుందని నా లెక్క. వాడు పూశాడు. వాణ్ణి చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు పూశారు. వీధి వీధంతా తెల్లబడింది.

"నీ దయవల్ల సల్లగా నిద్దరపోతన్నాం బావా" అన్నాడు కుర్రాడు.

"మరి మామ్మ ఏదండీ?" అని ఇంటాయన్ని అడిగాను.

"ఈ ఈదిలో వడియం ఎండదని కోటబొమ్మాళి ఎల్లిపోనాది, మా సెల్లి ఇంటికి. వానలు పడ్డాకే వస్తాదట."

ఆ వేసవి మా వీధిలో నిద్రపట్టనివాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే సూర్యుడి సాక్షిగా ఒట్టేసుకున్నాను: నా గది మాడి మసైపోయినా సరే, నాతో మాట్లాడే ఒక్క మనిషిని అడక్కుండా ఇంకెప్పుడూ దాన్ని చల్లబరచను.