రాయి కింద తండ్రిచేప

ఇరవై రెండేళ్ళుగా ఆవిడను అందరూ రాళ్ళక్క అనే పిలుస్తున్నారు. చేపల పరిశోధనశాలలో తొట్లు కడిగే ఉద్యోగం. వాగులో రాయి ఎత్తితే, ఎత్తిన చోటే, ఎత్తిన తీరునే మళ్ళీ పెట్టాలని కొత్తగా వచ్చిన వాళ్ళందరి ప్రాణం తీస్తుంది. రాయిచేప కాపురం రాయి కిందే మరి. చూడ్డానికి ఏముంది, వేలెడంత, బురద రంగు. పొట్టలో గాలితిత్తి లేదు కాబట్టి పైకి తేలలేదు, అడుగునే గెంతుతూ బతుకు వెళ్ళదీస్తుంది. ఆడది రాయి అడుగుకు గుడ్లు అంటించేసి తన దారిన పోతుంది. ఆ తరువాత చాకిరీ అంతా మగదే. మూడు వారాలు రెక్కలతో నీళ్ళు విసురుతూ కూర్చుంటుంది. విసరకపోతే గుడ్లకు బూజు పడుతుంది.

రంగుల కార్ఖానా వదిలిన నీళ్ళకు వాగులో ఆ జాతి తుడిచిపెట్టుకుపోయింది. ఇక లోకంలో ఉన్నవి ఈ గదిలోని తొమ్మిదే. ఐదేళ్ళకు మొదటిసారి మూడో తొట్టిలో గుడ్లు పడ్డాయి.

ఆ పొద్దున పెద్దసారు ఫోన్ చేశాడు.

"ఎన్ని గుడ్లున్నాయో మధ్యాహ్నంలోగా చెప్పమ్మా. పైవాళ్ళు అడుగుతున్నారు."

పైవాళ్ళు అనేసరికి ఆవిడకు కంగారు పుట్టింది. ఇన్నేళ్ళుగా ఎవరినీ చేయనివ్వని పని తనే చేసింది. గుడ్లున్న రాయిని తిరగేసింది.

మగచేప రివ్వున పోయి తొట్టిలోని నీళ్ళ గొట్టం వెనక నక్కింది. ఆవిడ లెక్క మాటే మరిచి, గబగబా రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టింది. అరగంటైనా చేప తిరిగి రాలేదు.

"కొంప ముంచానే," అంది తోడికోడలితో. ఆమె అక్కడే సీసాలు కడుగుతుంది.

"వస్తుందిలే అక్కా. మీ మరిది అలిగితే రెండు రోజులు ఇంటికే రాడు, దీనికేం."

రాళ్ళక్కకు నవ్వు రాలేదు. రాయి సందు దగ్గర రెండు వేళ్ళు పెట్టి తనే నీళ్ళు విసరసాగింది. పదకొండయ్యేసరికి భుజం పడిపోయింది. అద్దంలోంచి టార్చి వేసి చూస్తే పసుపుపచ్చటి గుడ్ల మధ్య మూడు తెల్లబడి కనిపించాయి. తెల్లబడిందంటే చచ్చిందన్నమాట. అక్కడినుంచే బూజు మిగతావాటికి పాకుతుంది.

"నీ చెయ్యి అక్కడుంటే అదెలా వస్తుందక్కా?"

"తీస్తే వీటికి ఊపిరాగిపోతుందే. పైగా బెదిరిన మగది సొంత గుడ్లనే మింగేయడం నేను కళ్ళారా చూశాను."

అయినా తీసింది. తీయక చేసేదేముంది.

ఎంతసేపటికో చేప అడుగునే గెంతుకుంటూ వచ్చి రాయి కిందికి దూరింది. టార్చి వెలుగులో చూస్తుండగానే నోరు తెరిచి ఒక గుడ్డు మింగింది. ఇంకోటి మింగింది. రాళ్ళక్క తోడికోడలి భుజం గట్టిగా పట్టుకుంది. మూడోది కూడా మింగి ఆగింది.

మింగిన మూడూ తెల్లబడినవే. తరువాత అది రెక్కలు విప్పి మెల్లగా విసరడం మొదలుపెట్టింది.

అప్పుడే ఫోన్ మోగింది.

"ఎన్నమ్మా?"

"తెలీదు సార్. లెక్కపెట్టలేదు."

"రాయి తిప్పి చూస్తే సరిపోయేదిగా."

"తిప్పాను సార్. ఇంక తిప్పను."

ఫోన్ పెట్టేశాక కూడా ఆవిడ కుడిచేతి వేళ్ళు రెండూ గాలిలో విసురుతూనే ఉన్నాయి. తోడికోడలు వాటిని తన తడిచేతిలోకి తీసుకుని ఆపింది.