రెండు నలభైకి అర్ధరాత్రి

టీవీలో దెయ్యాల ఇళ్ల కార్యక్రమాలు వచ్చిన కొత్తలో నేను పుస్తకం, పెన్సిలు పక్కన పెట్టుకుని చూసేదాన్ని. 2006లో శ్రావణం నుంచి కార్తీకం లోపల పదకొండు చూశాను. పదకొండు ఇళ్లలోనూ తలుపు కిర్రుమంది. తొమ్మిదింట్లో కెమెరా కిందపడబోయింది. పోయినవాళ్ల తాలూకు మనిషి మాత్రం ఒక్క ఇంట్లోనూ కనపడలేదు. నాకు నచ్చనిది అదే. యాంకరు చీకట్లో నిలబడి, ఎవరైనా ఉన్నారా అని గోడల్ని అడుగుతాడు. పోయినవాళ్లు గోడల కోసం ఎందుకొస్తారు? వస్తే తమవాళ్ల కోసం వస్తారు.

ఈ మాట అనే హక్కు నాకుందనుకునేదాన్ని. మామిడికుదురుకి మూడు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. అక్కడ 1971 నుంచి సోదె చెప్పాను. మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. పోయినవాళ్ల తాలూకు మనిషి తమ ఇంటి బియ్యం గుప్పెడు కొంగున కట్టి తేవాలి. నా చేటలో పోసి, తన నోటితో పిలవాలి. నేను ఆ బియ్యంలో వేళ్లు కదుపుతూ కూర్చుంటే కాసేపటికి పోయినవాళ్ల మాట నా నోట వస్తుంది. ఒక్కోసారి రాదు. పిలిచే మనిషి లేకుండా, ఆ ఇంటి బియ్యం లేకుండా కూర్చోకూడదని మా అత్తగారి కట్టడి.

నేను ఎనిమిదో తరగతి వరకు చదివాను కాబట్టి ఇంకో కట్టడి నేనే పెట్టుకున్నాను. వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, చెప్పిన మాటలన్నీ తేదీ వేసి రూళ్ల పుస్తకంలో రాసేదాన్ని. నా ప్రమేయం లేకుండా నోట వచ్చిన మాట పక్కన చుక్క. ఏడుస్తున్నవాళ్లని చూడలేక నేను కలిపిన మాట పక్కన ఇంటూ. బెంగ పెట్టుకోవద్దు, నీ మీద కోపం లేదు వంటి మాటలకి చాలావరకు ఇంటూలే ఉంటాయి. అప్పటికి మూడు పుస్తకాలు నిండి, నాలుగోది నడుస్తోంది. అవి ఎవరికీ చూపించలేదు.

మా వీధి చివర కాలవ గట్టున ఒక డాబా ఇల్లు ఉంది. 1993లో ఆ ఇంటి కోడలు వెనక గదిలో పురిట్లో పోయింది. బిడ్డ బతికాడు. ఇంటివాళ్లు కాకినాడ వెళ్లిపోయారు. ఇల్లు ఖాళీగా ఉండేసరికి జనం నోళ్లు ఊరుకోలేదు. 1998లో ఆమె అక్క నా దగ్గరికి బియ్యం తెచ్చింది. ఆ రోజు ఆరు మాటలు వచ్చాయి. ఆరింటికీ చుక్కలే. అన్నీ పిల్లవాడి గురించే. ఇంటి ఊసే లేదు.

2004 వేసవిలో ఒక టీచరుగారు ఆ ఇల్లు అద్దెకి తీసుకుని చిన్నపిల్లలకి ఇంగ్లీషు మీడియం స్కూలు పెట్టాలనుకున్నారు. రాజోలు వైపు నుంచి వచ్చిన మనిషి. భర్త లేరు, ముసలి తల్లిని ఆవిడే చూసుకోవాలి. ఆదివారం చర్చికి వెళ్తారు, సోదె మీద నమ్మకం లేదు. అయినా ముందు నా దగ్గరికే వచ్చారు. తన కోసం కాదని, పిల్లల తల్లులు నన్నే అడుగుతారని దాపరికం లేకుండా చెప్పారు. ఆ ముక్కుసూటితనం నాకు నచ్చింది. అడిగిన ప్రతివాళ్లకీ ఆ ఇంట్లో ఏమీ లేదని చెప్పాను. అందరికంటే ముందు మా మనవరాలిని చేర్పించాను. అడ్మిషన్ నంబరు ఒకటి. 2007 జనవరికి పిల్లలు ముప్ఫై నలుగురయ్యారు. సగం మందికి తండ్రులు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నారు. ఆవిడ బతుకంతా ఆ స్కూలే.

ఆ జనవరిలోనే టీవీవాళ్లు వచ్చారు. యాంకరు, కెమెరా అతను, పెట్టెలు మోసే మనిషి ఒకడు. జనంలో ఉన్న భయం పోగొట్టడానికే వచ్చామని, వెతికి వెతికి చివర్లో ఏమీ లేదని చూపిస్తామని టీచరుగారికి చెప్పారు. ఆవిడ నమ్మి తాళం ఇచ్చారు. ముందురోజు మా ఇంటికి వచ్చి, "మీరు కూడా ఉండాలండీ. నేను లేదంటే ఎవరు వింటారు? మీరు లేదంటే ఇంకెవరూ మాట్లాడరండి" అన్నారు.

27వ తేదీ శనివారం, ఒంటిపూట బడి. పిల్లలు వెళ్లిపోయాక బెంచీలు వరండాలోకి మోశారు. గోడల మీది అక్షరాల పటాలు, రంగు కాగితాల దండలు తీయించారు. కిటికీలకి నల్ల టార్పాలిన్లు కొట్టారు. నేను లోపలికి వెళ్లేటప్పుడు నా చేతి గడియారంలో రెండు నలభై. బయట కళ్లు చెదిరే ఎండ. లోపల నీలం దీపం ఒకటి, పక్క మనిషి మొహం కనపడని చీకటి.

యాంకరు నా చేటలో బియ్యం పోశాడు. కిరాణా కొట్లో తెచ్చిన అర కిలో పొట్లం, పురికొస నా ముందే ఊడదీశాడు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. ఎవరి బియ్యం, ఎవరిని పిలుస్తావు అని అడగాల్సింది. అడగలేదు. కెమెరా నా మొహం మీద ఉంది.

వేళ్లు కదుపుతూ పావుగంట కూర్చున్నాను. ఏమీ రాలేదు. రాదని నాకు తెలుసు. ఆ మాటే చెప్పబోతుండగా అతను చేతిలోని చిన్న పెట్టె వెనక గోడ దగ్గర పెట్టాడు. దాని మీద వరసగా ఎర్ర దీపాలు వెలిగాయి.

"మా మెషిన్ చూపించేస్తోంది మామ్మగారూ. మీకేం తెలీట్లేదాండీ?" అన్నాడు. నేను మాట్లాడకపోయేసరికి కెమెరా అతనితో, "పెద్దవారు కదా, ఒక్కోసారి అందదు" అన్నాడు, నాకు వినపడేలాగే.

నాకప్పుడు అరవై మూడేళ్లు. ముప్ఫై ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఆ ఎర్ర దీపాలు చూసి నాకు దెయ్యం భయం వేయలేదు. నాకు అందనిది ఆ పెట్టెకి అందిందేమోనన్న భయం వేసింది. ముప్ఫై ఆరేళ్లూ నేను చెవిటిదాన్నేమో అనిపించింది. ఆ అనుమానం ఎవరికీ కనపడకుండా కప్పెయ్యాలి. అంతకు మించి నా బుర్రలో ఏమీ లేదు.

"తెలుస్తోంది. ఆడమనిషి" అన్నాను.

ఆ తరువాత నోరు ఆగలేదు. పురిటి గది అన్నాను. బిడ్డ కోసం వెతుక్కుంటోందన్నాను. పిల్లల అలికిడి వింటే దగ్గరికొస్తుందన్నాను. మొత్తం పదకొండు వాక్యాలు. లేచి చూస్తే గుమ్మంలో టీచరుగారు చుట్టిన పటాలు గుండెకి ఆనించుకుని నిలబడి ఉన్నారు. నా వైపు చూసి, మళ్లీ పటాల వైపు చూశారు.

ఇంటికొచ్చి పుస్తకంలో పదకొండు వాక్యాలూ రాసి, పదకొండు ఇంటూలు పెట్టాను. రాసేశాను కదా అని మనసు తేలికపడింది కూడా. ఇప్పుడు తలుచుకుంటే దానికే ఎక్కువ సిగ్గు వేస్తుంది.

ఫిబ్రవరి 9, శుక్రవారం ప్రసారం చేశారు. మా ఇంటి హాల్లో పద్నాలుగు మంది కూర్చుని చూశారు. నా కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. బాగా మాట్లాడానే అనుకున్నాను. పక్కింటి వదినగారు, "ఇంక మా వదినగార్ని పట్టుకోలేం, సినిమావాళ్లొచ్చి ఎత్తుకుపోతారు" అంటే అందరితోపాటు నేనూ నవ్వాను.

సోమవారం స్కూలుకి పందొమ్మిది మందే వచ్చారు. మా మనవరాలిని కోడలు పంపలేదు. ఎందుకని అడిగాను.

"మీరే చెప్పేరు కదండీ అత్తయ్యగారూ, పిల్లల అలికిడి వింటే దగ్గరికొస్తుందని" అంది. తరువాత బట్టలు ఆరేస్తూ, నా వైపు తిరగకుండా, "అది నిజమైతే నేను పంపనండి. అబద్ధమైతే అందరికీ చెప్పండి, అప్పుడు పంపుతాను" అంది.

నేను వెంటనే చెప్పలేదు. ఓడలరేవు నుంచి, కొత్తపేట నుంచి టీవీలో చూసి వచ్చిన తొమ్మిది మందికి ఆ రెండు వారాల్లో సోదె చెప్పాను. 23వ తేదీన ఆ కార్యక్రమం మళ్లీ వేశారు. ఈసారి తెర మీద మూలకి చూశాను. నా తల పక్కన 'అర్ధరాత్రి 12.40' అని ఉంది. నా వెనక గోడ మీద, పటాలు తీసిన చోట సున్నం తెల్లగా నలుచదరాలుగా కనపడుతోంది. ఒక్కో నలుచదరం కింద పిల్లల చేతుల మురికి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను. ఆరు.

మర్నాడు మా మోటారు బాగుచేయడానికి వచ్చిన కరెంటు పనాయన్ని ఆ పెట్టె గురించి అడిగాను. కరెంటు తీగ దగ్గర పెడితే అలాంటివి వెలుగుతాయని, ఆ గోడకి అవతల మీటరు బోర్డే ఉందని చెప్పాడు. ఆ బోర్డు నేను ఎన్నోసార్లు చూశాను. ఆ రోజు నుంచి సోదె మానేశాను. అప్పటికి స్కూల్లో ఎనిమిది మంది మిగిలారు.

ముప్ఫై నలుగురు పిల్లలకి, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పోను, ఇరవై ఎనిమిది ఇళ్లు. మాది తీసేస్తే ఇరవై ఏడు. 26వ తేదీ సోమవారం పొద్దున్న నాలుగో పుస్తకం సంచిలో పెట్టుకుని బయలుదేరాను. టీవీలో చెప్పింది అబద్ధమని, రెండు నలభైకి తీసి అర్ధరాత్రి అన్నారని ప్రతి ఇంట్లో చెప్పాలి.

నేను అబద్ధం చెప్పినప్పుడు ఒక్క మాటకే నమ్మినవాళ్లు నిజం చెప్తుంటే నమ్మలేదు. రెండో ఇంట్లో, ఆ దెయ్యం నన్ను బెదిరించిందా అని జాలిపడ్డారు. నాలుగో ఇంటాయన గేటు దగ్గరే నవ్వి, "టీచరమ్మగారు ఏం పెట్టేరేంటండీ మామ్మగారూ, పులిహోరా?" అన్నాడు. ఏడో ఇంట్లో ఆవిడ కువైట్‌లో ఉన్న భర్తని అడిగి చెప్తానంది. ఐదో ఇంటివాళ్లూ, తొమ్మిదో ఇంటివాళ్లూ మాత్రం నేను తేదీ, టైము చెప్తుంటే విని, పిల్లల్ని పంపుతామన్నారు. అన్నట్టే పంపారు. మా కోడలు కూడా మాట మీద నిలబడింది.

పన్నెండో ఇల్లు మా వాడుక పాలావిడది. మనవడు ఆ స్కూల్లోనే చదివేవాడు. భర్త 1999లో అమలాపురం ఆసుపత్రిలో పోయాడు. వెళ్లేముందు ఇద్దరూ గొడవపడ్డారు, ఆవిడ ఆసుపత్రికి వెళ్లలేదు. ఆ తరువాత మూడుసార్లు నా దగ్గరికి బియ్యం తెచ్చింది.

ఆవిడకి నేను పుస్తకం తీసి ఆ పేజీ చూపించాను. పదకొండు ఇంటూలు. ఇంటూ ఉంటే నేను కల్పించిందని అర్థం అన్నాను. ఆవిడ చదువుకోలేదు కానీ గుర్తులు తెలుస్తాయి. వేలితో ఒక్కొక్కటీ తడిమింది. తరువాత నెమ్మదిగా, "మా ఆయన పేజీ కూడా ఇందులో ఉంటాదాండీ?" అని అడిగింది.

ఉంటుందన్నాను.

"నా మీద కోపం లేదన్నారు కదండీ. దాని పక్కనేముందండీ?"

పేజీ తీయకుండానే నాకు తెలుసు. పుస్తకం మూసేశాను. మీ ఆయన మాట వేరండీ అన్నాను. "ఆయ్" అంది. లోపలికి వెళ్లి గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. తాగాను. నేను తాగుతున్నంతసేపూ ఆవిడ నా సంచి వైపే చూసింది. మనవడిని స్కూలుకి పంపమని అడగడం కూడా మరిచిపోయి ఇంటికొచ్చేశాను.

మర్నాడు పదమూడో ఇంటికి వెళ్లలేదు. ఆ తరువాతా వెళ్లలేదు. నిజం చెప్తూ తిరిగితే, ఒక్కో ఇంట్లో ఒక్కో పేజీ అడుగుతారు. పాలావిడ బాధపడుతుందని ఆగానని కొన్నాళ్లు అనుకున్నాను. ఆవిడ కోసమే అయితే పుస్తకం ఇంట్లో వదిలేసి మిగతా ఇళ్లకి వెళ్లొచ్చు. అంత చిన్న సంగతి నాకు తట్టలేదంటే నేనే నమ్మను.

ఆ ఏడు ఏప్రిల్ 23 స్కూలుకి ఆఖరి రోజు. పదకొండు మంది పిల్లలతో ఇంటి అద్దె కూడా రాదు. టీచరుగారికి అమలాపురంలో ఒకళ్ల స్కూల్లో పని దొరికింది. నేను వెళ్లేసరికి బెంచీలు ఆటోలోకి ఎక్కిస్తున్నారు. ఆవిడ మా మనవరాలి ప్రోగ్రెస్ రిపోర్టు నా చేతికిచ్చారు. క్షమించమని అడిగాను. ఆవిడ ఆటోలో బెంచీ ఒకటి సర్ది నా వైపు తిరిగారు.

"పన్నెండిళ్లకి వెళ్లేరని తెలిసిందండి. ఆ రెండు ఇళ్ల పిల్లలూ తిరిగొచ్చినప్పుడు నేను చాలా ఆశపడ్డాను మామ్మగారూ. మిగతా పదిహేనిళ్లకీ ఎందుకు వెళ్లలేదండీ?"

నిష్ఠూరంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగారు. నా దగ్గర జవాబు ఉంది. ఆవిడ సోదె నమ్మని మనిషి, ఆవిడకి చెప్తే ఏ ఇంట్లోనూ ఎవరికీ బాధ లేదు.

"మోకాళ్లు లేవలేదండీ" అన్నాను.

"అయ్యో, అలాగాండీ" అని, వరండా మెట్టు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని దింపారు.

ఇంటికొచ్చి నాలుగో పుస్తకం తీశాను. సోదె మానేసి రెండు నెలలు కావడంతో ఫిబ్రవరి తరువాత ఏమీ రాయలేదు. ఆ రోజు తేదీ వేసి, టీచరుగారితో అన్న మాట ఒక్కటీ రాసి, పక్కన ఇంటూ పెట్టాను.