కొండెక్కుతానన్న లిఫ్టక్క

ఆసుపత్రిలో అందరూ ఆమెను లిఫ్టక్క అనేవారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఏళ్లు ఆ ఇనుప పెట్టెలో ఎత్తుస్టూలు మీద కూర్చుని, మీటలు నొక్కుతూ, జనాన్ని పైకీ కిందికీ తిప్పిన మనిషి. మీట నొక్కడానికి చదువెందుకు అంటారు గానీ, ఆ కొలువులోనూ నేర్చుకోవలసింది ఉంది. చేరిన కొత్తలో ఒక ముసలాయనను స్ట్రెచరు మీద తోసుకొస్తే, ఆపరేషను గది పై అంతస్తులో ఉంది కదా అని, "పెద్దాయన పైకి పోతారా?" అని అడిగింది. కొడుకులిద్దరూ కొట్టడానికి మీదికొచ్చారు. పాపం, ఆమె ఉద్దేశం ఏమిటో వాళ్లకు నచ్చజెప్పేసరికి నర్సులకు తాతలు దిగివచ్చారు. ఆనాటి నుంచి "ఏ అంతస్తు?" అనడమే తప్ప, 'పైకి' అన్న మాట ఆ పెట్టెలో మళ్లీ ఎత్తలేదు.

నిరుడు ఆ లిఫ్టులోనే, రెండంతస్తుల మధ్య, గుండె పట్టుకుని కూలబడింది. కరెంటూ అప్పుడే పోయింది. మెకానిక్కు వచ్చి తలుపులు విడదీస్తే అందరూ కలిసి బయటికి లాగారు. పడితే పడ్డావు గానీ ఆసుపత్రిలో పడ్డావు, అదృష్టవంతురాలివి అన్నారందరూ. స్టెంటు వేసి, ఇక కొలువు చాలించమని ఇంటికి పంపారు.

అసలు జబ్బు అక్కణ్ణుంచి మొదలైంది. దాని పేరు జాగ్రత్త.

ఆమె భర్త బస్సు కండక్టరుగా చేసి దిగిపోయినవాడు. బస్సులో నూరుమందిని అదలించిన గొంతు ఇంట్లో ఒక్కమనిషి మీద పడింది. బకెట్టు ముట్టుకుంటే "వద్దు", వీధి చివరిదాకా వెళ్తానంటే "ఎందుకు", గట్టిగా నవ్వితే "మెల్లగా". ఇది చాలదన్నట్టు, పదిరోజులుండి పోతానని వచ్చిన ఆడపడుచు ఏడాదిగా కదలలేదు. ఆవిడ బడిలో పంతులమ్మగా చేసింది. ఎదుటివాళ్లను కూర్చోబెట్టడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. కిటికీ పక్క ఒక కుర్చీ వేసి, లిఫ్టక్కను అందులో దించి, తడితువ్వాలు పిండనిస్తే ఒట్టు.

"నిన్ను కాలు కింద పెట్టనివ్వడం లేదు కదే, ఎంత అదృష్టం" అన్నది పక్కింటావిడ.

"కాళ్లిచ్చింది కింద పెట్టడానికే కదండీ" అన్నది లిఫ్టక్క. పక్కింటావిడ నొచ్చుకుంది. నొచ్చుకోనీ.

అందరికీ తెలిసిన సంగతి ఇంకొకటుంది. గుండె డాక్టరు ఆమెను యంత్రం మీద నడిపించి, పరుగులాంటి నడక నడిపించి, కాగితం చూసి తలాడించాడు. "హాయిగా నడవండమ్మా. చిన్నపాటి కొండైనా సరే, తొందరపడకుండా. ఆయాసమొస్తే కూర్చోండి, తగ్గాక లేవండి" అన్నాడు. ఈ మాట భర్త కూడా విన్నాడు. విని, దారిలోనే మరిచిపోయాడు.

ఆమె మరవలేదు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే అమ్మాయి సెలవురోజుల్లో కొండలూ అడవులూ పట్టుకు తిరుగుతుంది. లిఫ్టక్కంటే దానికి ప్రాణం. పరీక్షలకు వెళ్లినప్పుడల్లా లిఫ్టు వైపు చూడకుండా మెట్లెక్కి పై అంతస్తుకు పోయి, దాని గదిలో కూర్చుని లిఫ్టక్క ఊపిరి సర్దుకునేది. అక్కడే మాటల్లో ఆ బాట సంగతి తెలిసింది. ఊరికి దగ్గరలోనే కొండ. అటవీశాఖ వాళ్ల గేటు దగ్గర మొదలై, చెట్ల మధ్యనుంచి శిఖరం దాకా ఎక్కి, అవతలి పక్కనుంచి దిగి, మళ్లీ ఆ గేటు దగ్గరికే వచ్చే చుట్టుబాట. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

"మరీ తేలిక కాదు, మరీ కష్టమూ కాదు అక్కా" అన్నది అమ్మాయి.

"నేనూ అంతేగా" అన్నది లిఫ్టక్క.

ఇద్దరూ పాత క్యాలెండరు కాగితం వెనక బాట గీసుకున్నారు. అమ్మాయి ఎడమవైపు నుంచి పోదామంది. అటు ఏటవాలు మెత్తగా ఉంటుంది, అందరూ అటే పోతారు. లిఫ్టక్క ఒప్పుకోలేదు. "నిటారు మెట్ట ముందే ఎక్కేద్దాం, కాళ్లలో సత్తువుండగా. దాన్ని చివర్లో దిగాలంటే మోకాళ్లు పోతాయి. ఎక్కేటప్పుడు గుండె తిడుతుంది, దానికి నేను సమాధానం చెప్పుకుంటా. దిగేటప్పుడు మోకాళ్లు తిడితే ఎవరూ వినరు." వాగు దగ్గర మొదటి మజిలీ. మందులు పైజేబులో. పట్టుజారని బూట్లు, అవి ఇంట్లో వేసుకుని తిరిగి అలవాటు చేసుకోవాలి. మధ్యాహ్నం దాటితే శిఖరం మీద మబ్బు కమ్ముతుంది గనక మొదటి బస్సే ఎక్కాలి. వాగు దాటేలోపు ఒంట్లో తేడా తెలిస్తే మారుమాట లేకుండా వెనక్కి. మొండితనం వేరు, తిక్క వేరు అని ఆమెకు తెలుసు.

ఇంట్లో చెప్పింది. "వచ్చే ఆదివారం కొండెక్కుతున్నా."

ఆడపడుచు రెండుచెవులూ మూసుకుంది. "శుభమా అని కోలుకుంటూ అదేం మాటే మరదలా? కొండెక్కేది దీపం. ఆరిందనకూడదని అలా అంటాం. ఆ మాట నీ నోట రాకూడదు."

భర్త సర్దిచెప్పబోయాడు. "పోనీ అలా అనకు. పైకెళ్లొస్తానను."

ఆడపడుచు తమ్ముణ్ణి చూసిన చూపుకు ఆయన కుర్చీలో ముడుచుకుపోయాడు. చూశారా, మన భాషలో మనిషి ఎటు పైకి పోబోయినా యముడు అడ్డంగా నిలబడి ఉంటాడు! లిఫ్టక్క ముప్పై ఏళ్లు వాడికి దారిచ్చి పక్కకు జరిగింది. ఇక జరగదలచుకోలేదు.

"ధరలు కొండెక్కాయంటారు కదా వదినా, అవి చచ్చాయా? ఇంకా బలిశాయి. నేనూ ఆ లెక్కనే ఎక్కుతా." ఆ వారమంతా బూట్లు తొడుక్కుని ఇల్లంతా టకటకా తిరుగుతూ, పాలవాడికీ, చాకలికీ, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "ఆదివారం కొండెక్కుతున్నా" అని చెప్పింది. ఆడపడుచు వారమంతా చెవుల్లో దూది పెట్టుకుంది.

శనివారం మధ్యాహ్నం ఎక్స్‌రే అమ్మాయి ఫోను చేసింది. గొంతులో నీరసం. "బావగారు ఫోన్ చేశారక్కా. మీరంతా కారులో వెళ్తున్నారట కదా. నన్ను రావద్దన్నారు."

లిఫ్టక్క వంటింట్లోకి వెళ్లి భర్త ఎదురుగా నిలబడింది. ఆయన తలెత్తకుండానే చెప్పాడు. "శిఖరం దాకా మోటారు రోడ్డుందట. కారు మాట్లాడా. అదే కొండ, అదే గాలి. కిటికీలోంచి చూసి వద్దాం."

"ముప్పై ఏళ్లు పెట్టెలో కూచుని పైకెళ్లా. ఇంకో పెట్టె తెచ్చారా?"

"నీ మంచికే కదా."

"నా మంచి నన్నడిగి చెయ్యండి."

అప్పుడాయన గొంతు మారిపోయింది. "ఆ రోజు నేను నీకు అన్నం క్యారేజీ తెచ్చి ఆ లిఫ్టు తలుపు బయట నిలబడ్డా. లోపల నీ చప్పుడు లేదు. వాళ్లు తలుపు తెరిచేదాకా నేనెలా ఉన్నానో నీకు తెలీదు. భయమే నాకు. ఇప్పటికీ భయమే."

ఆమెకు జాలేసింది. ఈ మనిషి ఏడాదిగా సరిగ్గా నిద్రపోలేదని ఆమెకు తెలుసు. జాలితో పాటు కోపమూ వచ్చింది, రెండిటిలో కోపమే ముందు నోరు తెరిచింది.

"మీరు బయట నిలబడ్డారు. లోపలున్నది నేను. ఆ చీకట్లో నాకేమనిపించిందో ఈ ఏడాదిలో ఒక్కసారి అడిగారా? చచ్చిపోతానని కాదండీ ఏడ్చింది. ఇంత బతుకూ బతికి ఈ స్టూలు మీద నుంచి ఎక్కడికీ పోలేదే అని. మీ భయం మీది, కాదనను. దాన్ని మాత్రం నా సంచిలో పెట్టకండి. నీళ్లకే చోటు చాలడం లేదు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఆమె ఆయన ఫోను తీసుకుని కారు డ్రైవరుకు కలిపింది.

"బాబూ, రేపు కారు రావాలి. మా ఆయన్నీ, మా వదిననీ శిఖరం దగ్గర దించాలి. నేను ఎక్కను. నేను అడవిలోంచి నడిచి అక్కడికొస్తా. వచ్చి ఆగను కూడా, వాళ్ల ముందునుంచే అవతలి పక్క దిగిపోతా." ఫోను భర్త చేతిలో పెట్టింది. "చూడాలనుంటే అక్కడ కూచుని చూడండి. ఎక్కమని మాత్రం పిలవకండి."

ఆయన డ్రైవరుకు సరేనని చెప్పి ఫోను పెట్టేశాడు. "పిలవను" అన్నాడు. తనే ఎక్స్‌రే అమ్మాయికి ఫోను చేసి, మొదటి బస్సుకు రమ్మన్నాడు.

గుమ్మంలో ఆడపడుచు చెవుల్లోంచి దూది తీసి, ఇదంతా వింటూ నిలబడి ఉంది. ఆవిడ కళ్లలోనూ నీళ్లున్నాయి.

"అంత దూరం నడిస్తే అలిసిపోతావే మరదలా" అన్నది.

"అలిసిపోతా వదినా. అందుకే పోతున్నా. నన్నెవరూ అలిసిపోనివ్వక ఏడాదైంది."