అమావాస్య పోటుకు ముందు

నన్ను ఒక అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. దానికి జవాబివ్వకుండా ఏళ్ల తరబడి తిరుగుతున్నాను. ఆ ప్రశ్న నా ఫోన్‌లోనే ఉంది. ఫోన్ మార్చినప్పుడల్లా పాత మెసేజీలతో పాటు అదీ కొత్తదాంట్లోకి వచ్చేస్తుంది. చెరిపేయవచ్చు, ఒక్క వేలితో అయ్యే పని. కానీ చెరిపేస్తే ఇక అడిగేవాళ్లుండరు. అప్పుడు నన్ను నేనే అడుక్కోవాలి. బహుశా దానికే భయపడ్డాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఒక సంస్థలో స్టాటిస్టిక్స్ చెబుతాను, పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది, ఇంతవరకు తెలిస్తే చాలు. ఆ డాక్టర్ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికే కూర్చున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తానేమో. వస్తే నమ్మకండి.

మాది రామచంద్రపురం దగ్గర వరి పండించే ఇల్లు. రాజమండ్రిలో ఎమ్మెస్సీ చేసి, నరసాపురం వైపు ఒక డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా చేరాను. చేరానన్న మాటే గానీ మనసంతా పీహెచ్‌డీ మీదే. మొదటి ఏడు దొరికిన ప్రతి చోటికీ దరఖాస్తు పెట్టాను. పరీక్షలు గట్టెక్కాను. ఇంటర్వ్యూల్లో పడిపోయాను. ప్రతి చోటా ఒకటే అడిగేవారు: పుస్తకాల్లో లెక్కలు సరే, నువ్వు స్వయంగా ఏం చూశావు, ఏం కొలిచావు? నేను నేల చూపులు చూసేవాణ్ణి. ఇంకో ఏడాది పోతే గెస్టు లెక్చరర్‌గానే ముసలాణ్ణయిపోతానని బెంగ పట్టుకుంది.

అప్పుడు దారి చూపించింది పావని. మూడో సంవత్సరం డిగ్రీ, నా క్లాసులోనే. నేను బోర్డు మీద తప్పు వేస్తే నలుగురిలో అనకుండా, క్లాసయ్యాక వచ్చి, "సార్, అక్కడ ఒక మెట్టు తప్పిపోయినట్టుందండి" అనేది. ఎమ్మెస్సీ చెయ్యాలని, తర్వాత నాలాగే పీహెచ్‌డీకి వెళ్లాలని దాని కోరిక. నాలాగే! వాళ్ల నాన్న లేడు. వాళ్లమ్మ సత్యవతి గారు మొగల్తూరు అవతల ఒక రొయ్యల చెరువు లీజుకు తీసుకుని నడుపుతోంది. మా చెరువుల మీద పరిశోధన చెయ్యండి సార్, ఎవరూ చెయ్యలేదు అంది పావని.

రొయ్యల రైతులు పరాయివాళ్ల ముందు జబ్బు మాట ఎత్తరు. చెరువుకు జబ్బు తగిలిందని పొక్కితే కొనేవాడు సగం రేటు కూడా ఇవ్వడు. అలాంటిది, పావని వాళ్ల మాస్టారని నన్ను గట్ల మీద తిరగనిచ్చారు. టీ ఇచ్చారు. మేత వేసి చెరువులో దించే చెక్ ట్రే పైకి లాగి, ఎంత తిన్నాయో, రొయ్య ఎంత పెరిగిందో చూపించారు.

నేను చెయ్యదలుచుకున్నది చెరువుల ఆయుష్షు లెక్క. రొయ్యపిల్ల వేసిన రోజు నుంచి జబ్బు పడేదాకా చెరువు ఎన్నాళ్లు నిలుస్తుంది, ఏది ముందు పోతుంది, ఎందుకు పోతుంది. మనుషుల ఆయుష్షు లెక్కగట్టే పద్ధతే. ఆ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది. ఎవరూ చావకపోతే లెక్క నడవదు.

ఆ ఏడు ఎవరూ చావలేదు. ఏ గట్టు మీదికి వెళ్లినా బాగున్నాయండీ, బాగున్నాయండీ అనేవారు. దరఖాస్తు గడువు దగ్గరపడుతోంది. నా దగ్గర బతికున్న చెరువులు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు చెప్పేది ఎవరికీ చెప్పలేదు. నేను ఎదురుచూశాను. పొద్దున్నే గట్టెక్కగానే నా కళ్లు ముందు ఆకాశం వైపు పోయేవి. కాకులు, కొంగలు ఒక చెరువు మీదే ముసురుకుంటే అక్కడ రొయ్య చస్తోందని అర్థం. కాకుల కోసం వెతికేవాణ్ణి. కనిపించకపోతే నిరాశ పడేవాణ్ణి. నాకు అన్నం పెట్టినవాళ్ల చెరువుల మీద నేను కాకుల్ని కోరుకున్నాను.

శివరాత్రి పొద్దున కనిపించాయి.

పెద్దిరాజుగారి చెరువు మీద. ఆ వరసలో అన్నిటికంటే ఎగువ చెరువు ఆయనదే. నేను వెళ్లేసరికి రొయ్యలు గట్టువారకు వచ్చి నీరసంగా ఈదుతున్నాయి. ఒకటి పట్టి చూశాను. ఒళ్లు ఎర్రబారింది, తలకాయ పెంకు మీద తెల్లమచ్చలు. పెద్దిరాజుగారు తూము దగ్గర నిలబడి చెరువు నీళ్లు కాలువలోకి వదులుతున్నారు. నన్ను చూసి ఉలిక్కిపడ్డారు. నా చేతిలోని రొయ్యని చూశారు.

ఆ కాలువ మీద చెరువులున్నవాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. ఎవరి చెరువుకు ఈ తెల్లమచ్చ జబ్బు తగిలినా ఆ రైతు తన తూము గుంజకి ఎర్రగుడ్డ కట్టాలి. అది చూసి దిగువవాళ్లు కాలువ నీళ్లు ముట్టుకోరు. పెద్దిరాజుగారి గుంజకి గుడ్డ లేదు. ఎల్లుండి రొయ్య పట్టుబడి అయి అమ్మేశాక కడతాను మాస్టారూ, ఇప్పుడే కడితే కొనేవాడు పారిపోతాడు, మీ లెక్కకి కావాలంటే రాసుకోండి గానీ నోరు జారకండి అన్నారు. ఆయనేం దుర్మార్గుడు కాదు. భయపడ్డాడు, అంతే. ఆయన భయానికి ఒక అర్థముంది. నాది ఏమిటి?

తల ఊపాను. ఫోన్ తీసి తేదీ ఎక్కించుకున్నాను. గట్టు దిగి వస్తుంటే నా గుండె గబగబా కొట్టుకుంటోంది. అది బాధ అని మీకు చెప్పాలనుంది. కాదు, సంతోషం. మొదటి చావు దొరికింది. అంతకన్నా పెద్ద సంగతి నా బుర్రలో అప్పటికే తిరుగుతోంది: మర్నాడు అమావాస్య. అమావాస్యకు పోటు పెద్దదొస్తుంది, కాలువ నిండుతుంది, నీళ్లు తగ్గిన చెరువులవాళ్లంతా ఆ పోటు మీదే నీళ్లు పెట్టుకుంటారు. కొందరు పెట్టుకుంటారు, కొందరు పెట్టుకోరు. ఎవరి చెరువు ఎన్నాళ్లకు పోతుందో చూస్తే చాలు. పుస్తకాల్లో కూడా అంత చక్కటి ఉదాహరణ దొరకదు.

పెద్దిరాజుగారి కింది చెరువే సత్యవతి గారిది.

ఆ సాయంత్రం వాళ్ల గట్టు మీదికి వెళ్లాను. వెళ్లకపోయినా సరిపోయేది. ఎందుకు వెళ్లాను? చెబుదామనే వెళ్లానని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. ఇప్పుడు గట్టిగా అనలేను. ఆవిడ శివరాత్రి ఉపవాసంలో ఉంది. అయినా నాకోసం ఉడికించిన చిలగడదుంపలు తెచ్చి పెట్టింది. పావని చెక్ ట్రే పైకి లాగి, "చూడండి సార్, ఎలా ఎగురుతున్నాయో" అంది. నిజంగానే ఎగురుతున్నాయి. గాజులా ఉన్నాయి ఒక్కొక్కటీ.

సత్యవతి గారు చేతులు కొంగుకి తుడుచుకుంటూ అడిగింది.

"మాస్టారూ, ఓ మాట చెప్పండి. నీళ్లు బాగా చిక్కబడిపోయాయండి. రేపు పోటు మీద పెట్టేసుకోమంటారా?"

నేను చిలగడదుంప తొక్క తీస్తున్నాను.

"మీ ఇష్టమండీ పిన్నిగారూ," అన్నాను.

"అంటే పర్లేదనేగా! రోజూ ఈ గట్లన్నీ తిరిగే మనిషి మీరు. ఏదన్నా ఉంటే మీకు తెలీకుండా ఉంటదా ఏంటి? ఎవరి తూము మీదా గుడ్డ కూడా ఏం లేదు."

నేను నవ్వాను. పావని నా మొహం వంక చూసింది. మళ్లీ ట్రే నీళ్లలోకి దించింది.

అంతే జరిగింది. పెట్టమనలేదు, వద్దనలేదు. ఇంటికి వెళుతూ ఒక పెద్ద సూత్రం కూడా గుర్తుచేసుకున్నాను. పరిశీలించేవాడు పరిశీలిస్తున్నదాన్ని ముట్టుకోకూడదు, జోక్యం చేసుకుంటే ఫలితం పాడవుతుంది. క్లాసులో నేనే చెప్పిన పాఠం. నీచమైన పనికి మంచి పాఠం అడ్డుపెట్టుకోవడం ఎంత సులువో ఆ రోజే తెలిసింది. ఇంకొకటి కూడా ఉంది. నేను నోరు విప్పితే పెద్దిరాజుగారు ఊరుకోరు, ఇక ఏ రైతూ నన్ను గట్టు ఎక్కనివ్వడు, నా దరఖాస్తు అక్కడితో సరి. ఇదీ నిజమే. కానీ దీన్ని ముందు చెప్పుకుంటే నేను కాస్త మంచివాడిలా కనిపిస్తాను. అందుకే వెనక్కి పెట్టాను. ముందున్నది ఆ సంతోషమే.

మర్నాడు పోటొచ్చింది. కాలువ అంచుల దాకా నిండి నల్లగా, నిమ్మళంగా ఉంది. దూరంగా వంతెన మీద నిలబడి చూశాను. తల్లీకూతుళ్లిద్దరూ తూము పలకలు ఎత్తారు. నీళ్లు గలగలమంటూ చెరువులోకి వెళ్లాయి. కేకేస్తే వినపడే దూరం కాదు. ఫోన్ మాత్రం నా చేతిలోనే ఉంది.

తర్వాతి రోజుల్లో గట్టు మీదికి వెళ్లిన ప్రతిసారీ తల ఎత్తకుండా వెళ్లేవాణ్ణి. ఒక పొద్దున తల ఎత్తకుండానే తెలిసిపోయింది. కాకుల గోల రోడ్డు మీదికే వినిపించింది. నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, చచ్చిన రొయ్యల మధ్య నురగ కొడుతూ. సత్యవతి గారు గట్టు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి, "రాసుకోండి మాస్టారూ, మీ లెక్కకైనా పనికొస్తుంది" అంది. వెటకారం కాదది. నాకు నిజంగా పనికొస్తుందనే అంది. నేను రాసుకున్నాను.

లీజు పోయింది. పావని చదువు ఆఖరి పరీక్షల ముందే ఆగిపోయింది. ఇద్దరూ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి చేరారు. పొద్దున్నుంచి ఐసు నీళ్లలో చేతులు. నేను చూడ్డానికి వెళ్లలేదు. దరఖాస్తు రాస్తూ కూర్చున్నాను. ఆ ఏడు నా దరఖాస్తులో మొదటి వాక్యమే ఒక చెరువు గురించి, తల్లీకూతుళ్లు నడిపే ఒక చిన్న చెరువు గురించి. చదివినవాళ్లకు కళ్లు చెమ్మగిల్లేలా రాశాను. నాకు రాయడం బాగానే వచ్చు.

ఇంటర్వ్యూలో ఒక పెద్దావిడ నా కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పి, పై చెరువుకు జబ్బు వచ్చిన సంగతి కింది రైతుకు తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. మీకు? అంది. అన్నీ ఒకచోట చేర్చాకే తెలిసిందండి అన్నాను. ఆవిడ ఇంకేదో అడగబోయి ఆగిపోయింది. సీటు వచ్చింది.

కొన్నేళ్లకు పేపరు అచ్చయింది. చివర్లో ఆ తల్లీకూతుళ్లకు కృతజ్ఞతలు చెప్పుకున్నాను. గర్వంగా పావనికి పంపాను కూడా. చూశారా ఎంత మొద్దుబారానో? దాని ముందు మంచివాణ్ణనిపించుకోవాలన్న ఆశ కూడా చావలేదు. పేపర్లో ప్రతి చెరువుకూ నేను జబ్బు చూసిన తేదీ ఉంది. పెద్దిరాజుగారి చెరువు తేదీ కావాలంటే మార్చేయగలిగేవాణ్ణే. మారిస్తే నా ఫలితం నిలవదు, ఆ చెరువుకు జబ్బు తగిలాక కింది చెరువుకు తగిలేదాకా గడిచిన రోజులే నేను కనిపెట్టానన్న విషయం. అందుకని మార్చలేదు. లెక్కలో మాత్రం నిజాయితీగా ఉన్నాను.

పావని మర్నాడు మెసేజ్ పెట్టింది.

"సార్ పేపర్ చదివానండి. చాలా బాగుంది. అమ్మకి కూడా చదివి చెప్పాను, మన చెరువుతోనే మాస్టారు డాక్టరయ్యారని షెడ్డులో అందరికీ చెప్తోంది. ఒక చిన్న డౌట్ అండి. పెద్దిరాజుగారి చెరువు తేదీ చూస్తే శివరాత్రి రోజు అవుతోంది. అచ్చుతప్పా అండి?"

తప్పించుకోవడానికి నాకు దారి వదిలింది, చూడండి. బోర్డు మీద తప్పు వేస్తే నలుగురిలో అనని పిల్ల అది. అవునమ్మా, అచ్చుతప్పే అంటే సరిపోయేది. ఆ అబద్ధం కూడా నోట రాలేదు. మెసేజ్ నేను చదివినట్టు దాని ఫోన్‌లో కనబడే ఉంటుంది. మళ్లీ అడగలేదు.

ఇప్పుడు నేను టేబుల్‌కి ఇవతల కూర్చుంటున్నాను. ప్రతి ఏడూ దరఖాస్తులు నా ముందుకు వస్తాయి. నువ్వు స్వయంగా ఏం చూశావని నేనూ అడుగుతాను. వచ్చిన పేర్లన్నీ ఒకసారి పైనుంచి కిందికి చదువుతాను, పావని పేరు ఉండదని తెలిసి కూడా. కిటికీ బయట ఎక్కడైనా కాకులు గుంపుగా అరిస్తే మాట మధ్యలో ఆగిపోతాను. ఎదురుగా కూర్చున్న పిల్లలు తాము చెప్పిందాంట్లో తప్పేదో దొర్లిందనుకుని కంగారుపడతారు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. సత్యవతి గారి చేతులు ఐసు నీళ్లకు ఒరిసి పుళ్లు పడ్డాయని విన్నాను, అవి నా ఒప్పుకోలుతో మానవు. కానీ ఒక మాట రాయాలి. ఎక్కడో ఒకచోట, నా చేత్తో. రాస్తుంటేనే ఊపిరి కాస్త ఆడుతోంది.

అచ్చుతప్పు కాదు, పావనీ. మీరు తూము ఎత్తకముందే నాకు తెలుసు.